అమెరికా రైల్వే జేబు గడియారాలు – ఒక మాజీ గార్డు వ్యాపకం

(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైనవాడు ఎక్కడ కనబడినా అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "కాలక్షేపం ఎలా?" నేను దానికి "కాలాన్ని బాగుచేస్తున్నానండీ" అని జవాబిస్తూ ఉంటాను. ఆ మాట మన కార్యదర్శిగారి చెవిన పడింది. "అదేదో సభలో చెప్పండి" అని పట్టుబట్టారు. పచ్చజెండా ఊపడం, విజిలు వెయ్యడం తప్ప మైకు ముందు నిలబడిన అలవాటు నాకు లేదు. తప్పులుంటే మన్నించవలసిందిగా మనవి.

నేను గూడ్సు బండ్లలోనూ, తర్వాత పాసింజర్లలోనూ గార్డుగా పనిచేశాను. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరు ఏదైనా జేబులో గడియారం, చేతిలో జర్నలు తప్పవు. మా అబ్బాయి అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ దగ్గర ఉంటాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు చలికాలం. బయట మంచు, లోపల నేను, టీవీ. అలాంటి రోజుల్లో ఒక పాత సామాన్ల దుకాణంలో ఒక జేబు గడియారం చూశాను. అరచేతిలో పెట్టుకుంటే నిండుగా, బరువుగా ఉంది. తెల్లటి డయలు, నల్లటి పెద్ద అంకెలు. దుకాణదారు "ఇది రైల్‌రోడ్ వాచీ" అన్నాడు. రైలు అన్న మాట వినబడితే నేను ఆగుతానా? అక్కడ మొదలైంది ఈ పిచ్చి.

గడియారమే టోకెను

మన సంఘంలో రైల్వేవాళ్ళతోపాటు పోస్టల్, బ్యాంకు, విద్యుత్ శాఖలవారూ ఉన్నారు కనుక ఒక చిన్న సంగతి వివరించాలి. మన దేశంలో సింగిల్ లైను మీద బండి కదలాలంటే ముందు స్టేషను నుంచి లైన్ క్లియర్ రావాలి. చాలా సెక్షన్లలో డ్రైవరు చేతికి ఒక ఇనుప గుండు అందేది. దానినే టోకెను అంటారు. ఒక గుండు బయట ఉండగా ఆ సెక్షనుకు రెండోది మిషన్లోంచి రాదు. కనుక ఎదురుగా మరో బండి వచ్చే వీలు లేదు.

19వ శతాబ్దపు అమెరికాలో వేల మైళ్ళు సింగిల్ లైనే. అక్కడ చాలా చోట్ల ఇలాంటి ఏర్పాటు లేదు. టైంటేబులు, టెలిగ్రాఫు మీద వచ్చిన ఆర్డరు కాగితం, జేబులో గడియారం, ఈ మూడే ఆధారం. "ఫలానా మెయిలు ఫలానా స్టేషనుకు ఇన్ని గంటలకు వస్తుంది, నువ్వు అంతకుముందే లూపు లైన్లోకి తప్పుకో" అన్నది నియమం. తప్పుకోవడానికి ఇంకా వ్యవధి ఉందో లేదో చెప్పవలసింది గడియారం. ఒక్క మాటలో చెప్పాలంటే అక్కడ గడియారమే టోకెను.

అసలు టైము అంటే ఏ టైము అన్నది కూడా ఒక సమస్యే. ఊరూరికీ సూర్యుణ్ణి బట్టి ఒక టైము ఉండేది. రైల్వే కంపెనీలు తమ ప్రధాన నగరం టైము ప్రకారం నడిపేవి. అలా యాభైకి దగ్గరగా రైల్వే టైములుండేవట. 1883 నవంబరు 18న అక్కడి రైల్వేలన్నీ కలిసి దేశాన్ని మండలాలుగా విభజించి స్టాండర్డ్ టైము అమలుచేశాయి. మన రైళ్ళు కూడా ఒకప్పుడు మద్రాసు టైము మీద నడిచినవే. 1906 జనవరి 1 నుంచి ఇండియన్ స్టాండర్డ్ టైము వచ్చింది.

కిప్టన్ ప్రమాదం

మా అబ్బాయి ఇంటికి పడమరగా సుమారు గంట ప్రయాణంలో కిప్టన్ అనే చిన్న ఊరుంది. 1891 ఏప్రిల్ 18న అక్కడ లేక్ షోర్ అండ్ మిషిగన్ సదరన్ రైల్వే మీద ఒక ఫాస్ట్ మెయిలు, ఒక పాసింజరు బండి ఎదురెదురుగా ఢీకొన్నాయి. ఇంజన్ల సిబ్బందితోపాటు మెయిలు పెట్టెల్లో ఉత్తరాలు సార్టింగ్ చేస్తున్న పోస్టల్ గుమాస్తాలు కూడా పలువురు చనిపోయారు. మన ఆర్.ఎం.ఎస్. మిత్రులకు ఆ ఉద్యోగం ఎలాంటిదో నేను చెప్పనక్కరలేదు.

పాసింజరు బండి కిప్టన్‌లో తప్పుకుని మెయిలుకు దారి ఇవ్వాలి. ప్రచారంలో ఉన్న కథ ప్రకారం, ఆ బండి ఇంజనీరు గడియారం మధ్యలో నాలుగు నిమిషాలు ఆగి, మళ్ళీ దానంతటదే నడిచింది. (అక్కడ డ్రైవరును ఇంజనీరు అంటారు, మన గార్డును కండక్టరు అంటారు.) ఆయన ఇంకా వ్యవధి ఉందనుకున్నాడు. ఈ కథ చెప్పేవారందరూ గడియారం ఆగిన సంగతి దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం రెండో సగమే ముఖ్యం. ఆ బండిలో కండక్టరు దగ్గరా గడియారం ఉంది. ఇంజనీరు చూసుకుంటాడులే అనుకుని ఆయన తన గడియారం జేబులోంచి తియ్యలేదట. ఒక గడియారం తప్పింది సరే, రెండోది నడుస్తూనే ఉందిగా! దాన్ని చూసినవాడు లేడు.

నేను గార్డుని కాబట్టి ఆ మాట నాకు గుచ్చుకుంది. మన జనరల్ రూల్సులోనూ ఇదే ఉంది. బండి బయలుదేరే ముందు గార్డు స్టేషను గడియారంతో తన వాచీ సరిచేసుకుని ఆ టైము డ్రైవరుకు చెప్పాలి, డ్రైవరు తన వాచీ దానితో సరిచేసుకోవాలి. రోజూ సాయంత్రం 4 గంటలకు పెద్ద స్టేషన్లకు స్టాండర్డ్ టైము అందించాలని కూడా ఉంది. సర్వీసులో ఉండగా ఎన్నోసార్లు ఇదంతా వట్టి లాంఛనం అనుకున్నాను. కిప్టన్ కథ విన్నాక అలా అనుకోలేకపోయాను. ఆ పాత లైను మీద ఇప్పుడు రైళ్ళు లేవు, సైకిళ్ళు తొక్కేవారికి, నడిచేవారికి బాట వేశారు. దానిమీద కాసేపు నడిచి వచ్చాను.

ఆ ప్రమాదం తర్వాత రైల్వే అధికారులు వెబ్ సి. బాల్ అనే క్లీవ్‌లాండ్ నగల వ్యాపారిని గడియారాల తనిఖీకి నియమించారు. ఆయన 1847లో పుట్టి 1922లో పోయాడు. ఆయన ఏర్పాటుచేసిన పద్ధతి మెల్లగా ఎన్నో రైల్వేలకు పాకింది. ఊరూరా కంపెనీ గుర్తించిన వాచీ ఇన్‌స్పెక్టర్లు ఉండేవారు. ఉద్యోగి రెండు వారాలకొకసారి తన గడియారం వారికి చూపించాలి. ఎన్ని సెకండ్లు ముందుందో, ఎన్ని సెకండ్లు వెనకుందో వారు కార్డు మీద రాసేవారు. గడియారం రిపేరుకిస్తే అది తిరిగి వచ్చేదాకా వాడుకోవడానికి మరొకటి ఇచ్చేవారు.

ఇంకో సంగతి. ఈ గడియారాలు కంపెనీ ఇచ్చినవి కావు. ఉద్యోగి సొంత డబ్బుతో కొనుక్కోవలసినవి. సామాన్య ఫైర్‌మన్‌కు నెల జీతంలో పెద్ద భాగం దానికే పోయేది. చాలామంది వాయిదాల మీద కొనుక్కున్నారు. అందుకే ప్రాణంతో సమానంగా చూసుకున్నారు. నూరేళ్ళ తర్వాత మన చేతికి వచ్చినా ఇంకా నడుస్తున్నాయంటే అదొక కారణం.

ఏమిటి దాని ప్రత్యేకత?

రైల్వే గడియారానికి పెట్టిన నియమాలు 1890లలో మొదలై కాలక్రమేణా గట్టిపడ్డాయి. ముఖ్యమైనవి చెప్తాను. ముందు మూత ఉండకూడదు, తియ్యగానే డయలు కనబడాలి. కీ ఇచ్చే బొడిపె 12 అంకె దగ్గరే ఉండాలి. తెల్ల డయలు మీద స్పష్టమైన నల్లటి అంకెలు, నల్లటి ముళ్ళు ఉండాలి. సైజు 18 గానీ 16 గానీ కావాలి. ఇవి అమెరికా వాచీ కొలతలు. లోపలి యంత్రం 18 సైజుకు సుమారు 45 మిల్లీమీటర్లు, 16 సైజుకు సుమారు 43 మిల్లీమీటర్లు ఉంటుంది. కనీసం 17 జ్యుయెల్స్ ఉండాలి. వారానికి 30 సెకండ్లకు మించి తేడా రాకూడదు. వారానికి 6 లక్షల 4 వేల 800 సెకండ్లు. అంటే తప్పు 20 వేలలో ఒక వంతుకు మించరాదన్నమాట. పైగా ఊగే ఇంజనులో, పొయ్యి వేడిలో, మంచు గాలిలో!

ఈ గడియారాల్లో బ్యాలెన్సు చక్రం సెకండుకు 5 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు 4 లక్షల 32 వేలు, ఏడాదికి 15 కోట్ల 76 లక్షల పైచిలుకు. అంత శ్రమ చేసే చక్రం వేడికీ చలికీ మారకుండా ఉండడానికి దాని అంచును ఇత్తడి, ఉక్కు రెండూ కలిపి చేసేవారు. 34 నుంచి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు, అంటే మన లెక్కలో సుమారు 1 నుంచి 38 డిగ్రీల వరకు, సరిగా నడవాలి. ఐదు భంగిమల్లో పరీక్ష చేసేవారు: డయలు పైకి, డయలు కిందికి, బొడిపె పైకి, ఎడమకి, కుడికి. ఎలా పడుకోబెట్టినా, ఎలా నిలబెట్టినా ఒకే తీరున నడవాలని.

నాకు బాగా నచ్చింది టైము మార్చే పద్ధతి. మామూలు వాచీలో బొడిపె పైకి లాగి తిప్పితే ముళ్ళు కదులుతాయి. జేబులోంచి తీసేటప్పుడు పొరపాటున బొడిపె లేచి ముళ్ళు కదిలితే? అందుకని రైల్వే గడియారంలో ముందు అద్దం మర తిప్పి ఊడదీసి, డయలు అంచున సాధారణంగా ఒంటిగంట, రెండు అంకెల మధ్య దాగి ఉన్న చిన్న లీవరును గోటితో బయటికి లాగాలి. అప్పుడే ముళ్ళు కదులుతాయి. టైము మార్చడం అనేది తెలిసి, కావాలని చేసే పనిగా ఉండాలని దాని ఉద్దేశం. తెలియనివారు బొడిపెను బలంగా లాగి పాడుచేస్తారు. మీ ఇంట్లో పిల్లలెవరైనా అమెరికా నుంచి ఇలాంటిది తెస్తే దయచేసి లాగకండి.

సేకరణ

మసాచుసెట్స్‌లోని వాల్తామ్, ఇల్లినాయ్‌లోని ఎల్జిన్, అదే రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరి ఇల్లినాయ్ కంపెనీ, పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ ఊరి హామిల్టన్, ఒహాయోలో కాంటన్ ఊరి హాంప్డెన్, ఇవి పెద్ద పేర్లు. చేతితో ఒక్కొక్కటిగా కూర్చే రోజుల్లో యంత్రాలతో ఒకే కొలత భాగాలు చేసి గడియారాలు తయారుచెయ్యడం వీరి ఘనత. వాల్తామ్ ఫ్యాక్టరీ 1957లో మూతపడింది. హాంప్డెన్ యంత్రాలను 1930లో సోవియట్ ప్రభుత్వం కొనుక్కుంది. కొందరు పనివారు కూడా మాస్కో వెళ్ళి అక్కడ గడియారాల పరిశ్రమ మొదలుపెట్టడానికి సాయపడ్డారు. రైల్వేవారికి బాగా ప్రియమైన హామిల్టన్ 992 బి తయారీ 1940 నుంచి 1969 దాకా సాగింది. ఇక ఇలాంటివి కొత్తగా రావు. ఉన్నవాటిని కాపాడుకోవడమే.

కొనేటప్పుడు వెనక మూత తీయించి చూడాలి. యంత్రం మీద చెక్కిన సీరియల్ నంబరును బట్టి ఏ సంవత్సరం చేసింది, ఏ రకం అన్నది పుస్తకాల్లో దొరుకుతుంది. పైడబ్బా మీది నంబరు వేరు, దాన్ని బట్టి పోల్చుకోకూడదు. ఎందుకంటే ఆ రోజుల్లో యంత్రం ఒక కంపెనీది, డబ్బా మరొక కంపెనీది. కొనేవాడు తన స్తోమతు కొద్దీ డబ్బా ఎంచుకుంటే దుకాణదారు అందులో యంత్రం బిగించి ఇచ్చేవాడు. చాలా డబ్బాలు అచ్చంగా బంగారం కావు, ఇత్తడి మీద పల్చటి బంగారు రేకు వేసినవి.

ఇక నేను మొదట కొన్న గడియారం సంగతి. దాని వీపు మీద అందమైన రైలింజను బొమ్మ చెక్కి ఉంది. లోపల "23 జ్యుయెల్స్" అని రాసి ఉంది. సంబరపడి కొన్నాను. ఇంటికి తెచ్చి భూతద్దం పెట్టి చూస్తే సగం రాళ్ళు వట్టి ఎర్ర గాజుముక్కలు, ఏ ఇరుసూ వాటిలో తిరగడం లేదు! అమెరికా గడియారాలకు పేరొచ్చాక స్విట్జర్లాండులో కొందరు చేసి పంపిన నకిలీలు అవి. అసలు రైల్వే ఉద్యోగికి గడియారం మీద రైలు బొమ్మ ఎందుకు? రోజూ ఇంజను ముందే ఉంటాడుగా. బొమ్మ చూసి మోసపోవద్దని అప్పుడు నేర్చుకున్నాను. ఆ గడియారం ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, నా తొందరకు గుర్తుగా.

కొత్తగా మొదలుపెట్టేవారు అరుదైనవాటి జోలికి పోకుండా 16 సైజు హామిల్టన్ 992 లాంటివి తీసుకుంటే మంచిది. ఎక్కువగా తయారయ్యాయి గనుక విడిభాగాలు దొరుకుతాయి. అమెరికాలో 1943లో స్థాపించిన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ వాచ్ అండ్ క్లాక్ కలెక్టర్స్ అనే సంస్థ ఉంది. పెన్సిల్వేనియాలో కొలంబియా అనే ఊళ్ళో దాని మ్యూజియం ఉంది. అక్కడ గడిపిన రోజు మా ఆవిడ భోజనం సంగతి మూడుసార్లు గుర్తుచెయ్యవలసి వచ్చింది.

బాగుచేయడం

మన ఊళ్ళో వాచీ రిపేరు చేసేవారు గాజుపెట్టె వెనక, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునేవారు. అది చూడడమే తప్ప ఆ పని ఎంత ఓర్పుతో కూడినదో తెలియలేదు. బ్యాలెన్సు చక్రం ఇరుసు కొన మిల్లీమీటరులో పదోవంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. గడియారం కింద పడితే మొదట విరిగేది అదే.

విప్పేముందు మెయిన్ స్ప్రింగులో మిగిలిన కీ అంతా నెమ్మదిగా వదిలెయ్యాలి. లేకపోతే అది ఒక్కసారిగా విడివడి చక్రాల పళ్ళు విరుగుతాయి. తర్వాత ముళ్ళు, డయలు, బ్యాలెన్సు వరుసగా తీసి, ఏ మర ఎక్కడిదో గళ్ళపెట్టెలో వేరువేరుగా పెట్టుకోవాలి. భాగాలను ద్రావకంలో కడగాలి. రాళ్ళ రంధ్రాలను సన్నగా చెక్కిన కర్రపుల్లతో, పుల్ల తెల్లగా బయటికి వచ్చేదాకా తుడవాలి. సగం రోగాలు ఎండిపోయి జిగురైన పాత నూనెవే. కొత్త నూనె సూదిమొనతో అంటీ అంటనట్టు పెట్టాలి. ఎక్కువైతే పాకిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె పనికిరావు. ఎవరూ నవ్వొద్దు, కొబ్బరినూనె పెట్టిన గడియారం నేను ఇక్కడే చూశాను. గడియారం ఉన్నట్టుండి విపరీతంగా ముందుకు పరుగెడుతూ ఉంటే అయస్కాంతం పట్టిందేమో చూడాలి. హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే అలా జరుగుతుంది.

ఇక నా మొదటి పెద్ద పొరపాటు. భాగాలన్నీ బాగా శుభ్రపడాలని రాత్రంతా స్పిరిట్లో నానబెట్టాను. తెల్లారి చూస్తే చక్రాన్ని ఆపుతూ వదులుతూ ఉండే ప్యాలెట్ ఫోర్కు రాళ్ళు రెండూ ఊడి గిన్నె అడుగున ఉన్నాయి. అవి లక్కతో అతికించి ఉంటాయని, లక్క స్పిరిట్లో కరుగుతుందని నాకు తెలియదు. అక్కడి ఒక వృద్ధ వాచీ మెకానిక్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన నవ్వి, సన్నటి మంట మీద వేడిచేసి, కొత్త లక్క పెట్టి అతికిస్తూ, "ఇది మీ దేశం సరుకే" అన్నాడు. లక్కను ప్రపంచానికంతా అందించిన దేశాల్లో మనది ముఖ్యమైనది. వడ్రంగులు కుర్చీలకు వేసే పాలిషు సంగతి తెలిసినవాణ్ణి, లక్క స్పిరిట్లో కరుగుతుందన్న జ్ఞానం లేకపోయింది చూశారా!

పింగాణీ పూత డయలు మీద సన్నటి పగుళ్ళలో మురికి చేరితే దాన్ని వదిలించడానికి అక్కడివారు ఒక చిట్కా వాడతారు. మనం పళ్ళసెట్టు శుభ్రం చేసుకునే మాత్రలున్నాయే, అవి నీళ్ళలో వేసి అందులో డయలును కాసేపు ఉంచుతారు. పింగాణీ డయలుకే సుమండీ, రేకు మీద అంకెలు అచ్చువేసిన డయలును అందులో వేస్తే అంకెలు పోతాయి. మన వయసులో ఒకే మాత్రతో రెండు పనులు అవుతాయి కనుక ఇది పెన్షనర్లకు అనువైన వ్యాపకమే.

డయలు మీది గీత

చివరగా ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. నేను గడియారాలు బాగుచేస్తానని తెలిసి మా అబ్బాయి ఇంటి వీధిలోనే ఉండే ఒక పెద్దావిడ వచ్చింది. ఎనభై దాటినావిడ. వాళ్ళ నాన్నగారు రైలింజను డ్రైవరట. ఆయన గడియారం, వాల్తామ్ వాన్‌గార్డ్, 23 జ్యుయెల్స్, ఎన్నో ఏళ్ళుగా సొరుగులో ఆగిపోయి ఉంది. "దీన్ని నడిపించగలరా?" అని అడిగింది.

నెల రోజులు పట్టింది. మెయిన్ స్ప్రింగు మార్చాను, అన్నీ కడిగాను, నూనె పెట్టాను. రోజుకు నాలుగు సెకండ్ల లోపు తేడాకు తెచ్చాను. డయలు మీద మధ్యనుంచి 7 అంకె దాకా ఒక పగులు గీత ఉంది. నా దగ్గర చెడిపోయిన మరో వాన్‌గార్డ్ ఉంది, దాని డయలు మచ్చ లేకుండా ఉంది. ఆవిడ సంతోషిస్తుందని ఆ డయలు మార్చి బిగించాను. మెరిసిపోతున్న గడియారం పట్టుకెళ్ళి ఇచ్చాను.

ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు వింది. కళ్ళు చెమర్చాయి. తర్వాత డయలు చూసింది. కొంచెంసేపు మాట్లాడలేదు. "చాలా బాగుంది. కానీ ఇది మా నాన్నది కాదు" అంది.

నాకు మాట రాలేదు. అప్పుడు చెప్పింది. తన చిన్నతనంలో ఒక చలికాలపు రాత్రి మంచులో ఇంజను మెట్టు మీంచి ఆయన జారిపడ్డాడట. గడియారం జేబులోంచి ఎగిరి పట్టాకు తగిలింది. నడక తప్పలేదు కానీ డయలు పగిలింది. ఇన్‌స్పెక్టరు పరీక్షించి నడక సరిగానే ఉందన్నాడు, డయలు మార్చడానికి ఇంట్లో డబ్బు లేదు. రాత్రి డ్యూటీకి వెళ్ళేముందు ఆయన కూతురును ఒళ్ళో కూర్చోబెట్టుకుని "పెద్దముల్లు ఈ గీత దగ్గరికి వచ్చేసరికి నువ్వు నిద్రపోవాలి" అనేవాడట. నేను తీసేసింది ఆ గీతను.

అదృష్టవశాత్తు పాత డయలును కాగితంలో చుట్టి దాచాను. ఆ సాయంత్రమే మళ్ళీ బిగించి ఇచ్చాను. ఆవిడ గీత మీద వేలు పెట్టి చూసుకుంది. తర్వాత లోపలికి వెళ్ళి ఒక పాత అట్ట తెచ్చి చూపించింది. వాళ్ళ నాన్నగారి వాచీ తనిఖీ కార్డు. రెండేసి వారాలకు ఒక వరుస, ఇన్ని సెకండ్లు ముందు, ఇన్ని సెకండ్లు వెనక, ఇన్‌స్పెక్టరు పొట్టి సంతకం. ఎక్కడా 30 దాటలేదు.

ఇంటికి వచ్చి ఆలోచించాను. నేను చేసిన తప్పు ఏమిటి? డయలు మార్చడం కాదు, అడగకపోవడం. నా కంటికి తోచిందే సరి అనుకుని ఆవిడ దగ్గర ఉన్న గడియారంతో సరిచూసుకోలేదు. కిప్టన్‌లో జరిగిందీ ఇంతే. ఒకరు తన గడియారాన్నే నమ్మాడు, ఇంకొకరు తన గడియారం తీసి చూడలేదు. అక్కడ ప్రాణాలు పోయాయి. నా విషయంలో ఒక కాగితం మడత వల్ల తప్పు దిద్దుకోగలిగాను.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. గడియారం చేతికి రాగానే యజమానిని కూర్చోబెట్టి దాని కథ అడుగుతాను. ఏది మార్చాలన్నా ముందు చెప్తాను. తీసిన ప్రతి భాగాన్నీ పొట్లం కట్టి తిరిగి ఇచ్చేస్తాను. ఏ తేదీన ఏం చేశానో, ఏ భాగం పాతదో, ఏది కొత్తదో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తాను. పాతకాలపు వాచీ మెకానిక్కులు వెనక మూత లోపల సన్నటి అక్షరాలతో తమ గుర్తు గీసేవారు. తర్వాత వచ్చేవాడికి తెలియాలని. నాదీ ఆ ఉద్దేశమే. అమ్మేవాళ్ళలో చాలామంది రెండు మూడు గడియారాల ముక్కలు కలిపి "అచ్చంగా అసలుది" అని చెప్తారు. ముక్కలు కలపడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. రెండు వారాలకొకసారి సరిచూపించుకుని 30 సెకండ్లకు జవాబు చెప్పిన వస్తువు గురించి మనం అబద్ధం చెప్పకూడదు.

మిత్రులారా, మనలో చాలామంది ఇళ్ళలో తండ్రిగారిదో, మామగారిదో ఒక ఆగిపోయిన గడియారం ఉండే ఉంటుంది. దానికి రైల్వే గడియారమే కానక్కరలేదు. దాన్ని బాగుచేయించండి, మంచిదే. అయితే దానికంటే ముందు, అది ఎవరిది, ఎప్పుడు కొన్నది, డయలు మీద ఆ మచ్చ ఎలా పడిందీ ఒక కాగితం మీద రాసి ఆ డబ్బాలో పెట్టండి. అడిగితే చెప్పడానికి ఇప్పుడు మనం ఉన్నాం. గడియారం ఎప్పుడైనా బాగుచేసుకోవచ్చు, ఆ కథ చెప్పేవాళ్ళు ఎల్లకాలం ఉండరు.

రోజూ నిద్ర లేవగానే నేను నా హామిల్టన్‌కు కీ ఇస్తాను. పక్కనే మా ఆవిడ చేతి గడియారం ఉంటుంది. రెండూ చూసి సరిపోల్చుకుంటాను. తేడా వస్తే తప్పు నా గడియారానిదేనని ఆవిడ తీర్పు. సాధారణంగా అదే నిజమవుతూ ఉంటుంది.

 కాఫీ సమయం అయిందని కార్యదర్శిగారు తన వాచీ చూపిస్తున్నారు. ఒకసారి నా గడియారంతో సరిచూసుకుని సెలవు తీసుకుంటాను. నమస్కారం.